గాజులోని పచ్చఛాయ: చేపల తొట్టె వెనుక చరిత్ర



ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం ఇవ్వమని కార్యవర్గం వారు అడిగారు. కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే బాగా రాయగలవారు మనలో ఎందరో ఉన్నారు. అందువల్ల నాకు కాస్త తెలిసిన గాజును ఎంచుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఇసుక, సున్నపురాయి, ఇతర ఖనిజాల నమూనాలు పరీక్షించే ప్రయోగశాలలో గడిచింది. ఫలానా ఇసుక గాజుకు పనికివస్తుందా, రాదా అని తేల్చవలసి వచ్చినప్పుడు మేము ముఖ్యంగా చూసేది అందులో ఇనుము ఎంత ఉందన్నదే.

ఈ రోజుల్లో పిల్లలు, మనవలు ముచ్చటపడి కొలతలిచ్చి చేపల తొట్టెలు చేయించుకుంటున్నారు. తొట్టె ఇంటికి రాగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "అద్దం పచ్చగా ఉందేమిటి? మోసం జరిగిందా?" ఈ చిన్న ప్రశ్న వెనుక చాలా పెద్ద చరిత్ర ఉంది. దానిని వీలైనంత సులభంగా చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఇసుకలోని ఇనుము

మన భాషలో గాజు అన్నా, ఆడవారి చేతికి వేసుకునే గాజులన్నా ఒకటే మాట. గాజులలో రంగు కావాలని కలుపుతారు. కోబాల్టు వేస్తే నీలం, మాంగనీసు వేస్తే ఊదా వస్తాయి. కిటికీ అద్దంలోనూ, చేపల తొట్టెలోనూ మాత్రం రంగు ఎవరూ కలపరు. అది పిలవని చుట్టంలా తనంతట తానే వస్తుంది.

మామూలు గాజుకు ప్రధానమైన దినుసులు మూడు: ఇసుక, సోడా, సున్నం. ఇసుకలోని సిలికా గాజులో నూటికి 70 పాళ్లకు పైగా ఉంటుంది. సిలికా ఒక్కటే కరగాలంటే సుమారు 1700 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. సోడా కలిపితే అంతకంటే తక్కువ వేడికే కరుగుతుంది. అయితే సోడా మాత్రమే కలిపిన గాజు నీటిలో కరిగిపోతుంది. సున్నం చేరితేనే అది నీటికి నిలుస్తుంది. చేపల తొట్టె నిలబడుతున్నదంటే ఆ పుణ్యం సున్నానిదే.

ప్రకృతిలో దొరికే ఇసుకలో ఇనుము ఎంతో కొంత ఉండనే ఉంటుంది. మామూలు గాజులో ఇనుప ఆక్సైడు నూటికి 0.1 పాలు మాత్రమే. అంటే వెయ్యి కిలోల గాజులో ఒక కిలో. ఆ ఒక్క కిలో చాలు, గాజు మొత్తానికి పచ్చఛాయ రావడానికి. గాజులో ఇనుము రెండు రూపాలలో ఉంటుంది. ఫెర్రస్ రూపం ఎర్రని కాంతిని మింగి నీలపు ఛాయ ఇస్తుంది. ఫెర్రిక్ రూపం పసుపు ఛాయ ఇస్తుంది. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ అని చిన్నపిల్లవాడైనా చెబుతాడు.

పలుచని అద్దంలో గుండా చూస్తే ఈ రంగు తెలియదు. అదే అద్దాన్ని అంచు వైపు నుండి చూడండి, చిక్కని ఆకుపచ్చ కనబడుతుంది. కాంతి అద్దంలో ఎంత దూరం ప్రయాణిస్తే రంగు అంత చిక్కబడుతుంది. 4 ఎంఎం అద్దంలో కనిపించని ఛాయ 12 ఎంఎం అద్దంలో కనిపించడానికి కారణం ఇదే.

మురానో నుండి మాంగనీసు దాకా

ఈ పచ్చఛాయను వదిలించుకోవడానికి మనిషి చాలా శతాబ్దాలు శ్రమించాడు. ఇటలీలోని వెనిస్ నగరంలో గాజు కొలుములను 1291లో పక్కనున్న మురానో ద్వీపానికి తరలించారు. ఊరికి అగ్నిభయం ఉండకూడదన్నది అందుకు చెప్పే కారణం. ఆ ద్వీపంలోనే 15వ శతాబ్దం మధ్యలో ఏంజెలో బరోవియర్ అనే పనివాడి పేరుతో ముడిపడిన 'క్రిస్టల్లో' అనే స్వచ్ఛమైన గాజు పుట్టింది. వారు మామూలు ఇసుకను వదలి, నదులలో దొరికే తెల్లని పలుగురాళ్లను ఏరి పొడిచేశారు. సోడా కోసం తూర్పు మధ్యధరా తీరం నుండి మొక్కల బూడిద తెప్పించి, నీటిలో కాచి, వడకట్టి శుద్ధి చేశారు. రసాయన శాస్త్రం పుట్టకముందే వారు కంటితో చూసి, చేతితో చేసి నేర్చుకున్న విద్య అది.

వారికి తెలిసిన మరొక కిటుకు మాంగనీసు. గాజు కరిగేటప్పుడు మాంగనీసు డయాక్సైడు కొద్దిగా కలిపితే అది ఇనుమును నీలపు రూపం నుండి లేత పసుపు రూపానికి మారుస్తుంది. మిగిలిన పసుపును మాంగనీసు ఊదారంగు కప్పివేస్తుంది. మురికి వదిలించినట్లు రంగు వదిలిస్తుంది గనుక పాశ్చాత్య పనివారు దానిని గాజువాడి సబ్బు అనేవారు. అయితే ఈ సబ్బు ఇనుమును బయటికి తీయలేదు. ఒక రంగు మీద మరొక రంగు కప్పింది, అంతే. అందుకే అటువంటి పాత సీసాలను ఏళ్ల తరబడి ఎండలో ఉంచితే మాంగనీసు బయటపడి ఊదారంగుకు తిరుగుతాయి. కప్పిపెట్టిన లెక్క ఏదో ఒకనాడు ఆడిట్‌లో తేలినట్లే!

చేపలకు గాజు ఇల్లు

గాజు గోడల వెనుక నీటి ప్రాణులను ఉంచి శాస్త్రీయంగా పరిశీలించిన తొలివారిలో ఒక మహిళ ఉన్నారు. జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞురాలు సిసిలీలోని మెస్సినాలో నివసిస్తూ, 1832 ప్రాంతంలో గాజు తొట్టెలు చేయించి ఆర్గొనాట్ అనే సముద్రజీవిని అధ్యయనం చేశారు. దాని గుల్ల మరొక ప్రాణి నుండి అరువు తెచ్చుకున్నదా, స్వంతమా అని అప్పట్లో పండితుల మధ్య వాదం నడిచేది. ఆ ప్రాణి తన గుల్లను తానే కట్టుకుంటుందని ఆమె కళ్లారా చూసి నిరూపించారు. ఆ నిజం బయటపడడానికి అద్దంలో గుండా చూడగలగడమే కారణం.

ఇంగ్లండులో నథానియల్ వార్డ్ అనే డాక్టరు, మూసిన గాజు పెట్టెలో మొక్కలు నీరు పోయకుండానే బ్రతుకుతాయని 1829లో గమనించారు. ఈ వార్డ్ పెట్టెలకు మన దేశంతోనూ సంబంధం ఉంది. 1850 ప్రాంతంలో రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుండి హిమాలయ ప్రాంతపు తోటలకు తేయాకు మొక్కలను ఈ పెట్టెలలోనే చేర్చారు. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మరొక అడుగు ముందుకు వేశారు. తొట్టెలో బంగారు చేపలు, నీటి మొక్కలు వేస్తే, కుళ్లిన ఆకులతో నీరు మురికి అయింది. ఆ ఆకులను తినే నత్తలను వదలగానే నీరు తేరుకుంది. చేప, మొక్క, నత్త మూడూ ఒకదానినొకటి పోషించుకుంటాయని ఆయన లోకానికి చెప్పారు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల శాల తెరిచారు. దానికి తోడ్పడిన ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో రాసిన పుస్తకంతో అక్వేరియం అనే పేరు వాడుకలోకి వచ్చింది.

ఈ ముచ్చట సరిగ్గా ఆ కాలంలోనే ఇంటింటికీ ఎలా చేరిందంటే, అందులో ప్రభుత్వ పన్ను పాత్ర ఉంది. ఇంగ్లండులో గాజు మీద ఎక్సైజు సుంకం బరువును బట్టి వసూలు చేసేవారు. దళసరి అద్దం చేస్తే నష్టం గనుక ఎవరూ చేసేవారు కారు. 1845లో ఆ సుంకం ఎత్తివేశారు, గాజు ధర తగ్గింది. 1851లో లండన్ ప్రదర్శన కోసం కట్టిన స్ఫటిక భవనానికి ఛాన్స్ బ్రదర్స్ వారు సుమారు 3 లక్షల అద్దాలు సరఫరా చేశారు. ఒక్కొక్కటి 49 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు. ఒక ఉత్తర్వు ఎంత దూరం పనిచేస్తుందో ఉద్యోగం చేసిన మనకు వేరే చెప్పాలా?

నాటి తొట్టెలకు ఇనుప చట్రాలు, పలక రాతి అడుగులు ఉండేవి. అద్దాలను పుట్టీతో అతికించేవారు. పుట్టీ ఎండి పగిలితే నీరు కారేది. అద్దాలలో బుడగలు, అలలు ఉండేవి. చేప కదిలినప్పుడల్లా దాని ఆకారం సాగి, కుంచించుకుపోయినట్లు కనిపించేది.

మన వైపు చూస్తే, 1909లో మద్రాసు మెరీనా తీరాన ఒక అక్వేరియం తెరిచారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ ఆలోచన అది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అది మూతపడింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1951లో బొంబాయిలో తారాపోర్‌వాలా అక్వేరియం ప్రారంభమైంది. బొంబాయి వెళ్లిన మన తరం వారిలో చాలామంది పిల్లలను వెంటబెట్టుకుని దానిని చూసే ఉంటారు.

తగరం మీద తేలిన గాజు

అలలు లేని అద్దం కావాలంటే పూర్వం దళసరిగా పోతపోసి, రెండు వైపులా అరగదీసి, మెరుగు పెట్టవలసి వచ్చేది. ఖర్చు ఎక్కువ. కొలిమి నుండి పైకి లాగి తీసిన చవక అద్దంలోనేమో అలలు తప్పేవి కావు. మన పాత ఇళ్ల కిటికీలలో నుండి చూస్తే ఎదుటి గోడ వంకరగా కనిపించడం గుర్తుందా? అటువంటి గాజు మహిమే అది.

ఈ చిక్కు విప్పినవారు ఇంగ్లండుకు చెందిన అలస్టెయిర్ పిల్కింగ్టన్. కరిగిన గాజును కరిగిన తగరం మీద పోస్తే, నీటి మీద నూనెలా తేలి, తనంతట తానే సమతలంగా పరుచుకుంటుందన్నది 1952లో ఆయనకు వచ్చిన ఆలోచన. చెప్పినంత తేలిక కాలేదు. అమ్మదగిన అద్దం రావడానికి ఏళ్లు పట్టింది, కోట్లు ఖర్చయ్యాయి. 1959లో కంపెనీ ఈ పద్ధతిని లోకానికి ప్రకటించింది. దీనినే ఫ్లోట్ గ్లాస్ అంటారు. మన దేశంలో మహారాష్ట్రలోని తలోజాలో, 1993లో గుజరాత్‌లోని అంకలేశ్వర్‌లో, 2000లో మద్రాసు దగ్గరి శ్రీపెరుంబుదూరులో ఇటువంటి కర్మాగారాలు వచ్చాయి.

1960లలో సిలికాన్ అతుకు మందు వాడకంలోకి రావడంతో ఇనుప చట్రాల అవసరం కూడా తీరిపోయింది. అద్దానికి అద్దం నేరుగా అతుక్కుంటుంది. ఇంటి మూలకు తగినట్లు, బల్లకు తగినట్లు ఎవరికి కావలసిన కొలతలో వారు తొట్టె చేయించుకునే వీలు అప్పటినుండే కలిగింది. అలలు పోయాయి, చట్రం పోయింది. ఇక కంటికి అడ్డుగా మిగిలింది పచ్చఛాయ ఒక్కటే.

మన భవనంలో వచ్చిన అభ్యంతరం

ఇక్కడ మన సంఘ భవనంలో జరిగిన ఒక విషయం చెప్పాలి. పేర్లు రాయను. ఇద్దరూ పెద్దలే, ఇద్దరూ ఈ సంచిక చదువుతారు. సభ్యుల చందాలతో పఠన మందిరంలో 4 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు ఉన్న చేపల తొట్టె పెట్టించాము. 12 ఎంఎం అద్దం. నెల తిరగకుండానే ఆడిట్‌లో పనిచేసి వచ్చిన మిత్రులొకరు సమావేశంలో లేచారు. "కోశాధికారి గారూ, బిల్లులో క్లియర్ గ్లాస్ అని ఉంది. తొట్టె చూస్తే పచ్చగా ఉంది. సభ్యుల డబ్బు కదండీ, అడగక తప్పదు" అన్నారు. అడగడంలో తప్పు లేదు. కాని వెనుక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ నగదు లెక్క చూసి ఒక్క మెమో కూడా అందుకోని కోశాధికారి గారి ముఖం పాలిపోయింది. "అయ్యా, తేడా ఎంతో చెప్పండి. నా పెన్షన్‌లో నుండి కట్టేస్తాను" అని కూర్చుండిపోయారు.

నన్ను చూడమన్నారు. మరునాడు అద్దాల షాపు నుండి 12 ఎంఎం ముక్కలు రెండు తెప్పించాను. ఒకటి మామూలుది, మరొకటి ఇనుము తగ్గించినది. రెండింటినీ తెల్ల కాగితం మీద పెట్టి అంచులు చూడమన్నాను. ఒకదాని అంచు ఆకుపచ్చగా, రెండవదాని అంచు దాదాపు తెల్లగా, లేత నీలపు జీరతో ఉంది. మన తొట్టె అంచు మొదటి ముక్కతో సరిపోయింది. ఇక బిల్లు సంగతి. అద్దాల వ్యాపారంలో క్లియర్ అంటే రంగు కలపని మామూలు గాజు అని మాత్రమే అర్థం. ఇనుము తగ్గించిన దానిని ఎక్స్‌ట్రా క్లియర్ అంటారు. ధర వేరు. బిల్లులో వేసిన ధర మామూలు గాజుదే. అంటే కొన్నది, చెల్లించినది, వచ్చినది మూడూ ఒకటే. ఆడిట్ మిత్రులు తామే లేచి, "అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నాను. మినిట్స్ పుస్తకంలో రాయండి" అన్నారు. రాశారు కూడా. ఒక్క మాటకు వ్యాపారంలో ఒక అర్థం, వాడుకలో ఇంకొక అర్థం ఉండడం వల్ల ఒక నిజాయితీపరుడికి ఆ రాత్రి నిద్రలేకుండా పోయింది. ఈ వ్యాసం రాయడానికి అసలు ప్రేరణ అదే.

ఇనుము తగ్గించడం ఎలా?

ఎక్స్‌ట్రా క్లియర్ గాజులో ఇనుప ఆక్సైడు నూటికి 0.01 నుండి 0.02 పాళ్ల వరకే ఉంటుంది. మామూలు దానిలో పదో వంతు, అయిదో వంతు అన్నమాట. 12 ఎంఎం మామూలు అద్దం తన మీద పడిన వెలుగులో సుమారు 85 శాతాన్ని పోనిస్తే, ఇది సుమారు 90 శాతాన్ని పోనిస్తుంది. మిగతాదంతా గాజు మింగేసిందనుకోవద్దు. గాలిలో ఉన్న అద్దపు రెండు ముఖాలు కలిసి 8 శాతం దాకా వెలుగును వెనక్కి తిప్పి పంపుతాయి. అంతకు మించి తగ్గేదే ఇనుము ఖాతాలోకి వస్తుంది.

మాంగనీసు కాలంలో లాగా రంగును కప్పడం కాకుండా, ఇప్పుడు మొదటినుండే శుద్ధమైన ఇసుకను ఎంచుకుంటారు. దానిని కడిగి, తోమి, అయస్కాంతాలతో ఇనుప రేణువులను లాగి, ఒక్కొక్కప్పుడు ఆమ్లంతో కూడా శుభ్రం చేస్తారు. సున్నపురాయిలోనూ, యంత్రాల అరుగుదలలోనూ ఇనుము రాకుండా చూడాలి. సౌర విద్యుత్ పలకలకు కూడా ఇటువంటి గాజే కావాలి గనుక దీని అవసరం ఎంతో పెరిగింది.

గూడూరు అనగానే మన పాతతరానికి అభ్రకం గుర్తుకువస్తుంది. ఆ ప్రాంతంలోనే చిల్లకూరు, కోట మండలాల తీరభూములలో గాజుకు పనికివచ్చే తెల్లని సిలికా ఇసుక ఉంది. మనం చూసే అద్దంలో మన నేల కూడా కొంత ఉండవచ్చు. ఒక మాట మరువరాదు. పలుగురాయిని పిండిచేసే చోట లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ అనే నయంకాని జబ్బు వస్తుంది. మన కంటికి స్వచ్ఛత చేకూర్చే పనివారి ఊపిరికి రక్షణ ఉండాలని కోరడం ఉద్యోగ సంఘాలలో పెరిగిన మన ధర్మం.

బ్రహ్మాండమైన ప్రదర్శనశాలల్లో గాజు వాడరు. అక్కడ అక్రిలిక్ అనే ప్లాస్టిక్ వాడతారు. జపాన్‌లోని ఒకినావాలో 2002లో ప్రారంభమైన చురౌమి అక్వేరియంలోని పెద్ద కిటికీ 22.5 మీటర్ల పొడవు, 8.2 మీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల మందం. అంత మందం మామూలు గాజుతో చేస్తే చేపలన్నీ పచ్చని చీకట్లో ఈదినట్లుండేది. అక్రిలిక్‌కు పచ్చఛాయ లేదు గాని గీతలు త్వరగా పడతాయి. ఇళ్లలో గాజే మేలు.

కొనేవారికి నాలుగు మాటలు

ఒకటి, స్వచ్ఛత కంటే భద్రత ముందు. నీటి ఒత్తిడి ఎత్తును బట్టి పెరుగుతుంది. 4 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు ఉన్న ముందు అద్దం మీద నీటి తోపుడు 200 కిలోల పైమాటే. పచ్చగా ఉందని పలుచని అద్దం వేయించుకోవద్దు. మనవలు ఆడుకునే ఇంట్లో అది ప్రమాదం.

రెండు, బిల్లులో మందం, క్లియరా, ఎక్స్‌ట్రా క్లియరా అన్నది స్పష్టంగా రాయించండి. అతికించకముందే అంచును తెల్ల కాగితం మీద పెట్టి చూడండి.

మూడు, ఖర్చు తగ్గాలంటే మనం చూసే ముందు అద్దం ఒక్కటి ఎక్స్‌ట్రా క్లియర్ వేయించుకుంటే చాలు. వెనుక, అడుగు, పక్కలు మామూలువి సరిపోతాయి. టఫెన్ చేసిన అద్దాన్ని తరువాత కోయడం, రంధ్రం చేయడం కుదరదు గనుక కొలతలు ముందే సరిచూసుకోవాలి.

నాలుగు, ప్రతి పచ్చదనం గాజుది కాదు. ఒక గ్లాసులో తొట్టె నీరు తీసి తెల్ల గోడ ముందు పట్టి చూడండి. నీరే పచ్చగా ఉంటే అది నాచు, ఎండ తగ్గించాలి. టీ రంగులో ఉంటే తొట్టెలో వేసిన కొయ్య నుండి దిగిన రసం. నీరు తేటగా ఉంటే అప్పుడు గాజును అనుమానించవచ్చు.

మురానో పనివారు పలుగురాళ్లు ఏరిన నాటి నుండి నేటి వరకు సుమారు అయిదున్నర శతాబ్దాల శ్రమ ఫలితంగా వెయ్యికి ఒక పాలు ఉన్న ఇనుము పదివేలకు ఒకటి రెండు పాళ్లకు దిగింది. ఆ మిగిలిన కాస్త కూడా అంచున కనబడుతూనే ఉంటుంది. దానిని లోపమని కాక, గాజు మట్టిలో నుండి వచ్చిందని చెప్పే గుర్తుగా చూస్తే బాగుంటుందని నా మనవి. మామూలు అద్దంలో గుండా చూసినా చేప చేపే, అది ఈదే అందమూ అదే.